మండితేనే ధైర్యం

గంగరత్నం నవ్విందంటే రెండిళ్ల అవతలున్న నాకు వినపడేది. మా పేటలో ఆడవాళ్లందరం గట్టిగానే మాట్లాడతాం. సముద్రం హోరులో పుట్టి పెరిగినవాళ్లకి గుసగుసలు ఎక్కడొస్తాయి? ఆమె నవ్వు మాత్రం ఇంకో మెట్టు పైన ఉండేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి నవ్వడం మానేసింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, తలొంచుకుని, పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి వెళ్లిపోయేది. మొదట్లో నాకు ఒళ్లు మండింది. నాలుగు డబ్బులు చేతిలో ఆడేసరికి పొగరు వచ్చిందనుకున్నాను.

ఆమె పుట్టింది బాపట్ల దగ్గర, సముద్రం ఒడ్డున. ఊహ తెలియకముందే తండ్రి పడవతో సహా పోయాడు. తల్లి పున్నమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బాపట్ల వీధుల్లో తిరిగి అమ్మి, ఆ ఒక్క కూతుర్నీ పెంచింది. పదిహేడో ఏట గంగరత్నం రేపల్లె అవతల మా పేటకి ముత్యాలరావు పెళ్లాంగా వచ్చింది. ముత్యాలరావు వేటకి వెళ్తే నాలుగైదు రోజులకి గాని ఒడ్డెక్కడు. ఒడ్డెక్కాక నిద్రపోతాడు. చెడ్డవాడు కాదు, ఉలకడు పలకడు, అంతే. కళ్లు మసకబారాక పున్నమ్మ కూడా కూతురి దగ్గరికే వచ్చేసింది. లేకలేక పుట్టిన పిల్ల చిట్టి. నేను అంగన్‌వాడీ టీచర్ని. చిట్టి నా దగ్గరే పలక పట్టి, తర్వాత పెద్ద బడికి వెళ్లింది.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూగా మా వైపు రొయ్యల షెడ్లు వచ్చాయి. పేటలో సగం మంది ఆడవాళ్లు అందులో చేరారు. ఐసు గడ్డల మధ్య కూర్చుని రొయ్య తల తుంచి, పొట్టు ఒలిచి, వెన్నులో ఉన్న నల్లటి నరం లాగెయ్యాలి. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా చేతులు ఆ నీళ్లలోనే. లోపలికి వెళ్లేటప్పుడు బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి, బయటికి వచ్చేటప్పుడూ ముంచాలి. గ్లౌజులు వేసుకుంటే రొయ్య జారిపోతుందని ఎవరూ వేసుకునేవాళ్లు కాదు. గంగరత్నం వేళ్లు కదులుతుంటే చూడాలి, పక్కవాళ్లు ఒక తట్ట ముగించేలోపు ఆమె రెండోది అందుకునేది. "చేతులా, మిషనా?" అని ఆటపట్టించేవాళ్లు.

మొదటి ఏడాదే వేళ్ల సందులు ఎర్రబడి దురద పెట్టాయి. అది షెడ్డులో అందరికీ ఉండేదే. కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్లీ వెళ్లేవాళ్లు. మిగతావాళ్లకి తగ్గింది, ఈమెకి తగ్గలేదు. ఎరుపు మణికట్టు దాకా పాకింది. వాచేది, పగిలేది, రసి కారేది, ఎండి పొట్టు రాలేది. కాస్త నెమ్మదించిందనుకునేలోపు మళ్లీ ఎర్రబడేది. అలా రెండేళ్లు గడిచేసరికి ఆ చేతులు ముడతలు పడిపోయాయి. చర్మం పల్చబడి కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల తెల్లగా మారింది. గట్టిగా పట్టుకుంటే ఊడి వస్తుందేమో అన్నట్టుండేది. మనిషికి ముప్పై మూడేళ్లు. చేతులకి డెబ్బై.

ఒకసారి రేపల్లె బస్సులో ఎండకి తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది. టిక్కెట్టు కోసం చెయ్యి చాచింది. కండక్టరు ఆ చెయ్యి చూసి, "మామ్మగారూ, చిల్లరుంటే ఇవ్వండి" అన్నాడు. కొంగు కింద నుంచి మొహం ఎత్తేసరికి వాడు గతుక్కుమన్నాడు. మళ్లీ చేతి వంక చూసి, టిక్కెట్టు ఆమె ఒళ్లో పడేసి, వేళ్లు తగలకుండా వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నుంచే ఆమెకి భయం పట్టుకుంది. ముసలితనం వచ్చిందని కాదు. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడని.

ఆ భయం ఎందుకో తెలియాలంటే యలమంద సంగతి చెప్పాలి. యలమంద పున్నమ్మకి తండ్రి. బాపట్ల తీరాన పడవల పని చేసేవాడు. చేతులు పుళ్లు పడి, ముడతలు పడి, రంగు మారిపోయాయి. పెద్దరోగమని, కుష్టని పేట పెద్దలు తేల్చేశారు. డాక్టరు లేడు, పరీక్ష లేదు. ఇసక దిబ్బల అవతల తాటాకు గుడిసె వేసి పంపేశారు. పున్నమ్మ అప్పటికి చిట్టి అంత పిల్ల. రోజూ ముంతలో అన్నం తీసుకెళ్లి, వాళ్లు చూపించిన చోట పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి. ఒక వానాకాలం ముంత పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ గుడిసె వైపు వెళ్లలేదు, నిప్పు మాత్రం పెట్టారు.

ఈ కథ వింటూ పెరిగిన పిల్ల గంగరత్నం. తాత చేతులు ఎలా ఉండేవో తల్లి చెబుతుంటే విన్నది. ఇప్పుడు తన చేతులు చూసుకుంటే ఆ మాటలే గుర్తొచ్చేవి. చిట్టికి జడ వెయ్యడం మానేసింది. పిల్లని దగ్గరికి రానిచ్చేది కాదు. "పెద్దదానివయ్యావు, నీ జడ నువ్వే వేసుకో" అని కసిరేది. పిల్ల వంకర పాపిడితో బడికి పోతుంటే నేనే పిలిచి దువ్వేదాన్ని. పున్నమ్మ ఏమీ అనేది కాదు గాని, ఎప్పుడు మొదలుపెట్టిందో, కూతురి కంచం విడిగా కడిగి విడిగా బోర్లించేది. ఆ మసక కళ్లకి అంతవరకూ కనపడింది.

ఒకరోజు పొద్దున్నే అగ్గిపెట్టె కోసం వాళ్లింటికి వెళ్లాను. వంటపాకలో గంగరత్నం అన్నం వారుస్తోంది. నన్ను చూడలేదు. గరిటెతో వేడి గంజి తీసుకుని, ఎడమచేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, కావాలనే పోసుకుంది. పొగలు కక్కుతున్న గంజి! పళ్లు బిగబట్టింది, కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆ తర్వాత ఆమె మొహం చూశాను. హమ్మయ్య అనుకుంటున్న మొహం అది.

"ఏంటే ఇది? పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని గరిటె లాక్కున్నాను.

"అరవకక్కా! అమ్మ వింటుంది" అంది. "మండిందక్కా. ఇవాళ కూడా మండింది."

నాకేమీ అర్థం కాలేదు. పీట మీద కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. మా అంగన్‌వాడీ గోడ మీద ఆరోగ్యశాఖ వాళ్లు పెద్ద అక్షరాలతో రాయించారు, స్పర్శ తెలియని మచ్చ కుష్టు కావచ్చని. చిట్టి చేత చదివించుకుంది. ఆ రోజు నుంచి స్పర్శ ఉందో లేదో చూసుకుంటోంది.

"రోజూనా?"

"చూసుకోకపోతే ఆ రోజంతా గుండె దడదడలాడుద్దక్కా. పనిలో చెయ్యి ఆడదు."

"వేలితో తాకి చూసుకుంటే చాలదూ?"

"మొదట్లో అట్టాగే చూసుకున్నా. తర్వాత పిన్నీసుతో గుచ్చుకున్నా. నిజంగా తెలిసిందా, తెలిసిందని నేననుకుంటున్నానా అని మళ్లీ అనుమానం. మంటైతే అనుమానం ఉండదు కదక్కా."

చెయ్యి తిప్పి చూపించింది. చిటికెనవేలు కింద, మణికట్టు పైన, పాతవి కొత్తవి కలిసిపోయిన కాలిన మచ్చలు. చిటికెనవేలి పక్కన ఉన్నదాన్ని చూపించి, "ఇక్కడ మొన్నట్నుంచీ మండట్లేదు" అంది. అని నా మొహంలోకి చూసింది. నేనేదో చెప్తానని చూసింది.

నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. ఆ ఇంట్లో ఎన్నిసార్లు చేపల పులుసు తిన్నానో లెక్కలేదు. అది బిళ్లలతో నయమయ్యే జబ్బని, ఎవర్నీ వెలివెయ్యక్కర్లేదని పిల్లల తల్లులకి చెప్పేది నేనే. నలుగురికీ చెప్పడం వేరు, ఆ పొయ్యి దగ్గర కూర్చుని ఆ చెయ్యి చూడటం వేరు. అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. భయమేస్తే నాకు తిట్లొస్తాయి. తిట్టి, మర్నాడు తెనాలి తీసుకెళ్తానన్నాను.

"వొద్దక్కా. అదేనని చెబితే?"

"చెబితే మందిస్తారు."

"చిట్టిని నాకాడ ఉండనిస్తారా?"

ఎవరు ఉండనివ్వరని అడగబోయి ఆగిపోయాను. మా పేట సంగతి నాకు తెలియనిదా? చట్టాలు మారాయి, మందులు వచ్చాయి, గోడల మీద రాతలు వచ్చాయి. మా వాళ్లు మాత్రం నీళ్ల పంపు దగ్గర బిందె పక్కకి జరపడానికి ఎవరి అనుమతీ అడగరు.

చిట్టికి పావడా గుడ్డ కొనడానికి తెనాలి వెళ్తున్నామని పున్నమ్మకి చెప్పాం. ఆమె మంచం మీద నుంచి లేవకుండానే, "ఎళ్లి రండి" అంది. మేము గుమ్మం దాటాక వెనక నుంచి, "చేతులు కప్పుకోవే" అంది. గంగరత్నం కాళ్లు ఆగిపోయాయి. రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

రేపల్లెలో తెనాలి ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్క సీటిచ్చినా బయటికి చూడలేదు. పొలాలన్నీ నాట్లతో పచ్చగా ఉన్నాయి, ప్రతి స్టేషన్లోనూ జనం ఎక్కుతున్నారు. ఎవరైనా పక్కన కూర్చోబోతే ఈమె గోడకి ఒదిగిపోయేది. వాళ్లని తాకకూడదని. ఒక పెద్దాయన, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే, "బాగానే ఉందండి" అంది. వేలి కొసలు మాత్రం కొంగు లోపల కదులుతూనే ఉన్నాయి. ఏంటా అని చూస్తే, గోటితో ఆ చిటికెనవేలి పక్కన గిచ్చుకుంటోంది.

తెనాలిలో చర్మం డాక్టరమ్మ పేరు అనుపమ. చిన్నావిడే, కళ్లజోడు. చేతులు చూపించమంటే గంగరత్నం కొంగు విప్పలేదు. నేనే విప్పాను. డాక్టరమ్మ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. గ్లౌజులు లేవు, ఏమీ లేవు. గంగరత్నం ఉలిక్కిపడి లాక్కోబోయింది.

"ఉంచమ్మా. ఏం పని చేస్తావు?" అని అడిగింది. రొయ్యలని చెప్పాను. కాలిన మచ్చల సంగతి మాత్రం ఇద్దరం చెప్పలేదు. గంగరత్నం ముందే నా చేత ఒట్టు వేయించుకుంది.

కళ్లు మూసుకోమని, దూది పోగుతో అక్కడక్కడా తాకుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమంది. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని గంగరత్నం చెబుతోంది. చిటికెనవేలి పక్కన తాకింది. గంగరత్నం ఏమీ అనలేదు. మళ్లీ తాకింది. ఏమీ అనలేదు. మణికట్టు పైన ఇంకో మచ్చ మీద తాకింది. అక్కడా అంతే. డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. మోచేతి దగ్గర నరం నొక్కి చూసింది, మెడ పక్కన చూసింది, పాదాలు చూసింది. చెవితమ్మె నుంచి కాస్త రసం తీసి పరీక్షకి పంపుతానంది.

"దేనికండి?" అంది గంగరత్నం కళ్లు తెరిచి.

"అనుమానం తీర్చుకోడానికమ్మా. అదే అయినా భయం లేదు. బిళ్లలు వాడితే పోతుంది. నీ ఇంట్లో నువ్వే ఉండొచ్చు."

అదే అయినా అన్న ముక్క తర్వాత గంగరత్నానికి ఇంకేమీ వినపడలేదు. పరీక్ష రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నారు. బయట బల్ల మీద కూర్చున్నాం. టిఫిన్ తెస్తే ముట్టలేదు. "అక్కా, మా ఆయన దిబ్బల అవతల పాక వేస్తే, చిట్టి చేత మాత్రం అన్నం పంపొద్దని చెప్పు" అంది. ఏడుపు కూడా లేదు ఆ గొంతులో. నాకు ఏడుపొచ్చింది. నోర్ముయ్యమని కసిరి, మొహం అటు తిప్పుకున్నాను.

పిలుపొచ్చింది. లోపలికి వెళ్లగానే డాక్టరమ్మ మొదట అదే చెప్పింది. "లేదమ్మా. పెద్దరోగం కాదు. నరాలు బాగున్నాయి, పరీక్షలో ఏమీ లేదు. కానీ ఈ మచ్చల దగ్గర స్పర్శ ఎందుకు లేదో నాకు అర్థం కావట్లేదు. ఇవి కాలిన మచ్చల్లా ఉన్నాయి. ఎవరైనా కాల్చారా? భయపడకుండా చెప్పు. మీ ఆయనా?"

ఒట్టు ఒట్టే, ముత్యాలరావు మీదికి పోతుంటే ఎలా ఊరుకుంటాను? గంజి సంగతంతా చెప్పేశాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"ఒకేచోట రోజూ కాలిస్తే అక్కడ స్పర్శ చచ్చిపోతుందమ్మా" అంది. "నువ్వు దేనికోసం వెతికావో దాన్ని నువ్వే తయారుచేసుకున్నావు."

తర్వాత ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. దెబ్బ తగిలితే ఒళ్లు ఎర్రబడి వాస్తుంది, అది మానడానికే. రెండు మూడు రోజుల్లో తగ్గిపోవాలి. తగ్గేలోపే మళ్లీ మళ్లీ ఐసు నీళ్లు, రొయ్యల రసం, బ్లీచింగు, ఆపైన గంజి పడుతుంటే ఆ వాపు ఇక ఆగదు, లోపల రాజుకుంటూనే ఉంటుంది. చర్మం కింద దాన్ని బిగువుగా పట్టి ఉంచే సన్నటి పోగులుంటాయి, మీ వలలాగే అంది. మానడానికి వచ్చిన వాపే రోజుల తరబడి ఉండిపోతే ఆ పోగుల్ని కొరికేస్తుంది. కొత్తవి అల్లుకునే తీరిక ఉండదు. అందుకే చర్మం వదులై, పల్చబడి, ముడతలు పడి, ముప్పై ఏళ్ల తర్వాత రావాల్సిన ముసలితనం ఇప్పుడే వచ్చేస్తుంది. ఎండ పడినా, పొగ తాగినా జరిగేది దాదాపు ఇలాంటిదేనంది.

"మళ్లీ మామూలుగా అవుతాయా?" అని అడిగాను.

"మంట ఆపితే కొంత మెరుగవుతాయి. పూర్తిగా రావమ్మా, అబద్ధం చెప్పను. షెడ్డు మానెయ్యాలి. రోజూ ఈ పూత రాసుకోవాలి. గంజి మాట ఇక ఎత్తకూడదు."

గంగరత్నం అడిగింది ఒక్కటే. "మంట ఉందంటే అది కాదనేనా అండీ?"

"ఇంత దురదా ఇంత మంటా ఉంటే మామూలుగా అది కాదమ్మా. దాంట్లో చాలామందికి నొప్పే తెలియదు. అందుకే గాయాలవుతాయి."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అంత గట్టిగా ఏడిస్తే దారిన పోయేవాళ్లు ఎవరో పోయారనుకున్నారు. ఒకావిడ వచ్చి, "ఊరుకోమ్మా, దేవుడున్నాడు" అని నా భుజం కూడా తట్టి వెళ్లింది. పావడా గుడ్డ నిజంగానే కొన్నాం, నెమలికంఠం రంగుది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పున్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. గంగరత్నం తిన్నగా వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పున్నమ్మ బెదిరి లాక్కోబోయింది.

"అది కాదంటమ్మా! పరీక్ష చేసి చెప్పారు. తులసక్కనడుగు."

"కాదు పిన్నీ. నా చెవులతో విన్నాను" అన్నాను.

పున్నమ్మ కూతురి చేతుల్ని మొహం దగ్గరికి తెచ్చుకుని ఆ మసక కళ్లతో చూసింది, ముక్కు ఆనేంత దగ్గరగా. ఆ తర్వాత ఏడ్చింది. చిట్టి పరిగెత్తుకొచ్చింది. గంగరత్నం పిల్లని లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ వంకర జడ విప్పి మళ్లీ అల్లడం మొదలెట్టింది. నాకూ కడుపు నిండినట్టయింది. ఇక వెళ్తానని లేచాను.

"కాదని ఎట్టా తెలిసిందే?" అంది పున్నమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"చెవికాడ రసం తీసి చూశారమ్మా. అయినా మంట ఉందంటే అది కాదంట. ఆ రోగానికి నొప్పే తెలీదంట."

పున్నమ్మ కొంగు మొహం మీదే ఆగిపోయింది.

"మా నాయనకీ మంటే కదే" అంది.

గంగరత్నం చేతిలో జడ ఆగింది.

"పడవలకి జీడినూనె, అదే తగిలితే చర్మం పొక్కిపోయే నూనె, పూసొచ్చిన రోజైతే మరీనూ. ఆ చేతులు పట్టుకుని మంటే, మంటే అని ఏడ్చేవోడు. దిబ్బల మీదికి పంపాక కూడా అరిచేవోడు. నేను అన్నం పెట్టొస్తుంటే, పున్నమ్మా మండుతోందే, కాసిని నీళ్లు పొయ్యవే అనేవోడు. నన్ను ముట్టుకోవొద్దన్నారుగా. ఆ కేకలు పేట దాకా వినపడతన్నాయని, గుడిసె ఇంకాస్త అవతలికి జరిపారు."

ఇది గంగరత్నం ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. ఇన్నేళ్లుగా చెప్పిన కథలో ఈ ముక్క లేదు. గంగరత్నం నా వంక చూసింది. తెనాలిలో బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా ఆమె కళ్లల్లో ఇంత భయం లేదు.

"తాతకి అదేనమ్మా" అంది గబగబా. "నేనడిగా డాక్టరమ్మని. మా తాతకి ఇట్టా ఉండేదంటండీ అంటే, అది పెద్దరోగమే, మీవాళ్లు చేసింది సబబే అంది."

"అడిగావా?"

"అడిగానమ్మా."

"అడిగింది పిన్నీ. నేను పక్కనే ఉన్నాను" అన్నాను. తెనాలిలో యలమంద మాటే రాలేదు.

పున్నమ్మ మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఆ కళ్లకి మా మొహాలు కనపడుతున్నాయో లేదో నాకు తెలియదు.

"మంట సంగతి కూడా చెప్పావా?" అని అడిగింది.